మంచమంటే భయపడిన తొమ్మిది నెలలు

నాకు నిద్ర పట్టడం లేదని చెబితే ఎదుటివాళ్ళు మొదట చిన్నగా నవ్వేవాళ్ళు. ఆ తర్వాత మందు చెప్పేవాళ్ళు. జ్వరమో పన్నునొప్పో అయితే డాక్టరు దగ్గరికి పొమ్మంటారు. నిద్ర సంగతి వచ్చేసరికి మాత్రం కూరగాయలమ్మే ఆమె దగ్గర్నుంచి బస్సులో పక్కసీటు మనిషి దాకా అందరికీ వైద్యం తెలుసు. ఈ తొమ్మిది నెలల్లో నేను విన్న సలహాలు రాస్తే ఒక నోటుపుస్తకం నిండుతుంది. వాటిలో చాలామటుకు చేసి చూశాను కూడా. ఇప్పుడు కాస్త తెరిపిన పడ్డాను. ఆ చిరాకు పూర్తిగా చల్లారకముందే రాసెయ్యాలనిపించింది. నాలాగే కళ్ళు తెరుచుకుని పైకప్పు చూస్తూ పడుకునేవాళ్ళెవరైనా చదివితే, నేను చేసిన రెండు తప్పులు మాత్రం చెయ్యకుండా ఉంటారేమోనని ఒక ఆశ.

నా వయసు నలభై నాలుగు. రాచర్ల దాటాక ఉన్న ఒక ఊరి హైస్కూల్లో లెక్కలు చెబుతాను. కాపురం గిద్దలూరులో. మా ఆయనకు బజారులో ఇనప సామాన్ల దుకాణం ఉంది. ఇంట్లో మా అత్తమ్మ, ఇంటర్ చదివే మా అమ్మాయి హారిక. బడికి రోజూ స్కూటీ మీద పోయి వస్తాను. వెనక సీట్లో రమాదేవి ఉంటుంది. ఆమె అదే బళ్ళో తెలుగు టీచరు, మా వీధిలోనే ఇల్లు. ఆరేళ్ళుగా ఒకే బండి, ఒకే దారి.

జూలై

జూలైలో మా నాయనకు నిమ్ము చేసింది. నంద్యాలలో ఒక ఆసుపత్రిలో చేర్చాం. పగలు మా తమ్ముడు, రాత్రి నేను. పద్దెనిమిది రాత్రులు ఆయన మంచం పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. ఊపిరి తీస్తుంటే గొంతులో ఒక గరగర వినిపించేది. అది వినిపిస్తుంటే భయం, ఆగితే ఇంకా భయం. నా కన్ను మూతపడితే ఆయన పోతాడేమోనని నా చేతిని నేనే గిచ్చుకునేదాన్ని. నిద్ర రాకుండా ఆపుకోవడం అక్కడ నేర్చుకున్నాను. అంత బాగా నేర్చుకున్నానని అప్పుడు తెలియలేదు.

నాయన కోలుకున్నాడు. తమ్ముడు ఇంటికి తీసుకుపోయాడు. నేను గిద్దలూరు వచ్చి తలంటుకుని, నా మంచం మీద వాలాను. పద్దెనిమిది రోజుల నిద్ర ఒక్కసారే పోతాననుకున్నాను. కళ్ళు మూసుకోగానే గుండె దడదడలాడింది. చెవులు దేనికోసమో వెతుకుతున్నాయి. తెల్లవారుజామున పాల ప్యాకెట్ల అతని సైకిలు గంట వినిపించేదాకా అట్లాగే ఉన్నాను.

అలసట ఎక్కువై పట్టలేదనుకున్నాను. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. పదిరోజులకు నాయన ఫోన్ చేశాడు.

"రాత్రి నిద్ర పడతాండాదా నాయనా?" అని అడిగాను.

"నాకేందమ్మా! పండుకుంటే తెల్లారేదాకా ఒళ్ళు తెలీదు. నువ్వెట్ల ఉండావు?"

బాగున్నానని చెప్పి ఫోన్ పెట్టేశాను. అప్పుడు నాకు మా నాయన మీద కోపం వచ్చింది. చావు తప్పించుకుని వచ్చిన మనిషి మీద, హాయిగా నిద్రపోతున్నాడని కోపం. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడే రాస్తున్నాను.

ఆగస్టు, సెప్టెంబరు

మొదటి వైద్యం అత్తమ్మది. ఆమెకు డెబ్బై రెండేళ్ళు. రోజూ రాత్రి అన్నాలయ్యాక నన్ను కూర్చోబెట్టి, నా అరికాళ్ళకు నువ్వులనూనె రుద్దేది. అత్తగారి చేత కాళ్ళకు నూనె రాయించుకోవడం ఎంత ఇబ్బందో! వద్దంటే వినదు. "మీ మామకు ఇట్ల రాస్తే మాట పూర్తయ్యేలోపల గురక పెట్టేవాడు" అనేది. నాకు కాళ్ళు జిడ్డయ్యాయి, దుప్పట్లు పాడయ్యాయి.

నూనె తర్వాత పాలలో గసగసాలు. ఆపైన జాజికాయ అరగదీసి నాకమన్నారు. తలకు ఆముదం పెట్టమన్నారు. పడుకునేముందు వేణ్ణీళ్ళ స్నానం చెయ్యమన్నారు. తల ఉత్తరానికి పెట్టావేమో చూసుకోమంటే మంచం తిప్పాం. బీరువా తలుపు తెరుచుకోవడం మానేసింది, నిద్ర మాత్రం రాలేదు. ఫోన్లో వాన చప్పుడు పెట్టుకోమని హారిక చెప్పింది. రాత్రంతా వాన విన్నాను, బయట చినుకు లేదు. నూరు నుంచి వెనక్కి లెక్కపెట్టమని మా హెడ్మాస్టరు అన్నాడు. లెక్కల టీచరుకు ఆ మాట చెప్పకూడదు. మూడేసి తీసేస్తూ, ఏడేసి తీసేస్తూ లెక్కపెడితే బుర్ర ఇంకా చురుకైంది.

అన్నిటికన్నా ఒళ్ళు మండించిన సలహా మా ఆయనది. "ఏం ఆలోచన పెట్టుకోకుండా పండుకో."

"ఏం ఆలోచన పెట్టుకోకుండా ఎట్ల పండుకోవాల్నో అది చెప్పు" అన్నాను.

తిరిగి చూస్తే అప్పటికే నిద్రపోయాడు.

పది గంటలు పడుకుంటే అందులో నాలుగైనా పడుతుందని లెక్కేసి, రాత్రి తొమ్మిదికే మంచమెక్కేదాన్ని. ఆదివారం మధ్యాహ్నం తలుపేసుకుని పడుకుంటే ఒక గంట కునుకు పట్టేది, ఆ గంటే స్వర్గం. బళ్ళో కళ్ళు మూతపడకుండా నాలుగైదు టీలు. ఇవన్నీ నాకు నేను చేసుకుంటున్న మేలు అనుకున్నాను. సాయంత్రం ఆరయ్యేసరికి పడకగది వైపు చూడటం ఇష్టంలేక దాని తలుపు దగ్గరికి వేసేదాన్ని. పరీక్ష హాల్లోకి పోతున్నట్టు మంచం దగ్గరికి పోయేదాన్ని.

గిద్దలూరులో ఒక డాక్టరుకు చూపించుకున్నాను. గంటన్నర బెంచీ మీద కూర్చున్నాక లోపలికి పిలిచి రక్తపరీక్షలు రాశాడు. అన్నీ మామూలుగానే ఉన్నాయి. "టెన్షన్ పడొద్దమ్మా" అని బలం మాత్రలు రాశాడు. పరీక్షలో ఏదైనా తేలి ఉంటే బాగుండుననిపించింది. రోగం లేని రోగిని ఇంట్లోవాళ్ళు ఎన్నాళ్ళు ఓర్చుకుంటారు?

మొదట సహనం పోయింది నాకే. ఎవరు తలుపు వేసినా ఉలిక్కిపడి అరిచేదాన్ని. మా ఆయన గురక భరించలేక హాల్లోకి మారాను. హారిక అక్కడ చదువుకునేది. ఒకరోజు రాత్రి తొమ్మిదింటికి ఆమె గ్లాసులో స్పూను తిప్పుతుంటే ఆ గ్లాసు లాక్కుని సింకులో పారబోశాను. ఆ పిల్ల నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

"నువ్వు నిద్రపోవాలంటే మేమందరం ఊపిరి తీసుకోకుండా ఉండాల్నా అమ్మా?"

ఊపిరి అనే మాట వినగానే నాకు ఏడుపొచ్చింది. ఎందుకో ఆ పిల్లకు తెలియదు. పుస్తకాలు సర్దుకుని నాయనమ్మ గదిలోకి పోయింది. ఆ రోజు నుంచి అక్కడే చదువుకుంది.

నవంబరు

అత్తమ్మకు రెండేళ్ళ కింద మోకాలి ఆపరేషన్ అయినప్పుడు, నొప్పికి నిద్ర పట్టడం లేదని డాక్టరు మాత్రలు రాశాడు. నాలుగు రోజులు వాడి మానేసింది. మిగిలినవి ఆమె మందుల డబ్బాలో ఉన్నాయని నాకు తెలుసు. చాలా రోజులు ఆ డబ్బా వైపు చూడలేదు. ఒక రాత్రి రెండు గంటలప్పుడు, మర్నాడు బడికి అధికారులు వస్తారని గుర్తొచ్చి, లేచిపోయి ఒకటి మింగాను. అరగంట చూశాను. ఏం కాలేదనిపించి ఇంకొకటి మింగాను.

ఎవరికో రాసిన మందు, ఎప్పటిదో మందు, ఎంత వేసుకోవాలో తెలియని మందు. పిల్లలకు చెప్పే నేను చేసిన పని ఇది. నా మొదటి తప్పు.

నిద్ర పట్టింది. పొద్దున అత్తమ్మ తట్టి లేపితే లేచాను. తల దూదిలో పెట్టినట్టుంది. కాళ్ళు నావి కావు. అయినా లోపల ఒక సంతోషం, ఇన్నాళ్ళకు నిద్రపోయానని. కాఫీ తాగి, చీర కట్టుకుని, బండి తీశాను. రమాదేవి ఎక్కింది. రాచర్ల దాటేదాకా ఆమె ఏదో చెబుతూనే ఉంది. ఏం చెప్పిందో నాకు తెలియదు.

తర్వాత గుర్తున్నది కంకర. నా చెంప కింద కంకర, పక్కనే చక్రం తిరుగుతున్న చప్పుడు, రమాదేవి అరుపు. అందరికన్నా ముందు ఒక ముసలాయన పరుగెత్తుకుంటూ వచ్చాడు. దూరంగా చేలో గొర్రెలు మేపుకుంటున్న తిరుపాలు. మేము రోజూ చూసే మనిషే. బండి పైకెత్తి నా కాలు బయటికి లాగాడు. తన సీసాలో నీళ్ళు తాపాడు. రమాదేవి కుడిచెయ్యి మణికట్టు దగ్గర వంకరపోయి ఉంటే, తల మీది తువ్వాలు తీసి, ఒక కట్టె ముక్క పెట్టి కదలకుండా కట్టాడు. "భయపడాకమ్మా, ఎముక్కి కట్టు కడితే అతుక్కుంటాది" అంటూ ఆటో వచ్చేదాకా ఆమె తల తన మోకాలి మీద పెట్టుకున్నాడు.

అంతలో జనం చేరారు. మా హెడ్మాస్టరు వచ్చాడు.

"ఎట్ల పడినారు మేడమ్?"

నా నోట్లోంచి వెంటనే వచ్చిన మాట: "గొర్రె అడ్డమొచ్చింది సార్."

తిరుపాలు నా ముఖంలోకి చూశాడు. నేను తల తిప్పుకున్నాను. ఇది రెండో తప్పు, మొదటిదానికన్నా పెద్దది.

రమాదేవి మణికట్టు విరిగింది. నా వెనక మాటల్లో ఉండి దారి చూడలేదు కాబట్టి ఆమె కూడా గొర్రె మాటే నమ్మింది. ఆరు వారాలు కట్టు. నాకు దోక్కుపోయిన గాయాలు తప్ప ఏమీ కాలేదు. మూడోరోజు రమాదేవి వాళ్ళాయన ఇద్దర్ని వెంటేసుకుని పోయి తిరుపాలును చొక్కా పట్టుకుని అడిగాడట. ఊరి పెద్దలు పిలిపించి, ఇకమీదట ఆ రోడ్డు వైపు మందను తోలొద్దన్నారట. హెడ్మాస్టరే నాకు చెప్పాడు, మంచి పనే జరిగినట్టు. "పాపం ఇప్పుడు కొండ చుట్టూ తిప్పుకోని పోతాండాడు మేడమ్, నీళ్ళకు చానా దూరం" అన్నాడు. నేను హాజరు పట్టీలోకి తల వంచుకున్నాను.

ఇంట్లో నిజం తెలిసిన మనిషి ఒకరే. వారం తర్వాత, ఎవరూ లేనప్పుడు, అత్తమ్మ నా దగ్గరికి వచ్చి కూర్చుంది.

"నా డబ్బాలో రెండు బిళ్ళలు తక్కువైనాయి. నేనేం అడగను. చెప్పాల్సింది నువ్వే, చెప్పాల్సింది కూడా నాకు కాదు."

డబ్బా తీసుకుపోయి తన పెట్టెలో పెట్టి తాళం వేసుకుంది. ఆ రాత్రి నూనె గిన్నె తీసుకుని రాలేదు.

డిసెంబరు

మార్కాపురంలో ఇట్లాంటివి చూసే ఒక డాక్టరమ్మ ఉందని మా తమ్ముడు కనుక్కుని చెప్పాడు. మా ఆయన దుకాణం మూసి తోడొస్తానన్నాడు. వద్దన్నాను. బస్సులో ఒక్కదాన్నే పోయాను.

వెయిటింగ్ హాలు కిటకిటలాడుతోంది. నా నంబరు పంతొమ్మిది. పక్కన ఒక పెద్దామె, కనిగిరి నుంచి వచ్చిందట, ఆమెది పదిహేడు. నేనేమీ చెప్పకముందే నా కళ్ళు చూసి "నిద్ర లేదామ్మా?" అని అడిగింది. అవునన్నాను. ఇక అరటిపండో పెరుగన్నమో చెబుతుందని ఎదురుచూశాను. "అబ్బా, అది చానా కష్టంలేమ్మా" అని ఊరుకుంది. ఐదు నెలల్లో మందు చెప్పని మొదటి మనిషి.

ఆ తర్వాత నాకు గుర్తులేదు. మెలకువ వచ్చేసరికి నా తల ఆమె భుజం మీద ఉంది. గోడ మీద గంట ముల్లు చాలా దూరం జరిగింది. ఇరవై మూడో నంబరు పిలుస్తున్నారు. కంగారుగా లేచాను. "మీ నంబరు పోయిందే!" అన్నాను.

"పోతే పోయిందిలేమ్మా. నేను కదిలితే నువ్వు లేస్తావని గమ్మునుండా. కడాకు చూస్తారంట ఇద్దర్నీ."

ఆమె పేరు కూడా నేను అడగలేదు. ఆ తెలివి ఇంటికొచ్చాక వచ్చింది.

డాక్టరమ్మది అరవై దాటిన వయసు, కటువైన గొంతు. నేను చెప్పుకుంటూ పోతుంటే మధ్యలో ఆపి, "బయట కుర్చీలో నిద్రపోయినావంట గదా?" అంది. తల ఊపాను.

"అయితే నిద్రెట్ల పోవాల్నో నీ ఒంటికి తెలుసు. మంచాన్ని చూస్తేనే నీకు భయం. రాత్రిపూట కాపలా కాసి కాసి, పడక కనపడితే చాలు కాపలా అనుకుంటాంది నీ ఒళ్ళు. దాని అలవాటు మార్చాల. నిదానంగా."

పడిన సంగతి అడిగింది. గొర్రె అనబోయి, ఆగి, మాత్రల సంగతి చెప్పాను. మొదటిసారి నోరు తెరిచి ఇంకో మనిషికి చెప్పడం అది. ఆమె నన్ను తిట్టలేదు, ఓదార్చలేదు. కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసింది. రాత్రి పదకొండున్నర దాకా మంచమెక్కకూడదు. పట్టినా పట్టకపోయినా ఐదింటికి లేవాలి, ఆదివారమైనా సరే. మంచం మీద మెలకువగా కాసేపు దొర్లితే లేచి బయటికి వచ్చి కూర్చోవాలి, మళ్ళీ కళ్ళు మూతపడితేనే పోవాలి. గడియారం చూడకూడదు. పగలు కునుకు లేదు. మధ్యాహ్నం దాటితే టీ లేదు. ఆమె చెప్పేదాకా బండి తోలకూడదు.

"నిద్ర లేదని వస్తే ఉన్న నిద్ర కూడా తగ్గించమంటారేంది మేడమ్?"

"ఆకలి కానీకుండా తింటావుంటే ఆకలెట్ల అయితాది? మూడు వారాలు చేసి రా. తిట్టాలనిపిస్తాది నన్ను. తిట్టుకో, కానీ చెయ్యి."

బాగా తిట్టుకున్నాను. మొదటి వారమంత ఘోరమైన వారం నా జీవితంలో లేదు. తొమ్మిదిన్నరకే కళ్ళు మండుతుంటే పదకొండున్నర దాకా నిలబడి పనులు కల్పించుకునేదాన్ని. తీరా మళ్ళీ మా గదిలో మంచమెక్కితే మెలకువ. మళ్ళీ లేచి కుర్చీలోకి. పొద్దున ఐదింటికి అలారం మోగితే ఫోన్ గోడకు కొట్టాలనిపించేది. బస్సులో నిద్ర రాకుండా నిలబడి పోయేదాన్ని. ఇదేం వైద్యమని మా ఆయన అడిగితే చెప్పలేకపోయాను. నాకే నమ్మకం లేదు.

నాలుగోరోజు రాత్రి అత్తమ్మ తన గదిలోంచి పత్తి, చాట తెచ్చుకుని నా ఎదురుగా కూర్చుంది. "ఒక్కదానివే ఎట్ల కూర్చుంటావు? దీపం వత్తులు చేద్దాం రా" అంది. బిళ్ళల సంగతి తర్వాత ఆమె నాతో మామూలుగా మాట్లాడటం అదే మొదటిసారి. పది నిమిషాల్లో ఆమె కూర్చున్నచోటే కునికిపాట్లు పడింది. ఉలిక్కిపడి లేచి, "నేను నిద్రపోలేదు" అంది. ఎన్నాళ్ళకో నవ్వాను. ఆ మూడు వారాలూ ఆమె నాకు కాపలా కూర్చుని నిద్రపోయింది. ఏడాదికి సరిపోను వత్తులయ్యాయి.

జనవరి

రమాదేవి కట్టు విప్పారు. చెయ్యి ఇంకా సరిగా తిరగడం లేదని, బోర్డు మీద రాయలేకపోతున్నానని బాధపడుతుంటే, ఆమె ఇంట్లో, వాళ్ళాయన ఎదురుగానే చెప్పాను. గొర్రె రాలేదని, నేను మాత్రలు మింగి బండి తీశానని.

రమాదేవి తన మణికట్టు వైపు చూసుకుంది.

"నువ్వు మాత్ర మింగినావని నాకు చెప్పింటే నేను ఆటోలో పోయేదాన్ని గదా" అంది రమాదేవి. గొంతు పెంచలేదు. "నన్ను వెనక ఎక్కించుకోని ఎట్ల తోలినావు లక్ష్మీ?"

వాళ్ళాయన మాత్రం ఎర్రబడ్డాడు. "నేను పోయి ఆ ముసలాయన చొక్కా పట్టుకుంటిని. నాది గూడా పాపమైపాయె" అన్నాడు. నా మీద కోపమో, తన మీద సిగ్గో, లేచి బయటికి పోయాడు.

మర్నాడు బడి అయ్యాక కొండ వైపు నడిచిపోయాను. తిరుపాలు మందను మళ్ళిస్తున్నాడు. "పెద్దాయనా, ఆ రోజు గొర్రె రాలేదు" అన్నాను.

"తెలుసు టీచరమ్మా. నేను చూస్తానే ఉండా. మీ తల వాలిపోయింది, బండి పక్కకు పోయింది."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఎవరు నమ్ముతారమ్మా? మీరు టీచరు."

ఆ మాట అన్నప్పుడు ఆయన ముఖంలో కోపం లేదు. ఉంటే నాకు కొంచెం నయంగా ఉండేది. క్షమించమని అడిగాను. ఆయన కర్రతో ఒక గొర్రెను అదిలించి, నా వైపు తిరిగాడు.

"నాతో చెప్తే ఏం లాభం? నన్ను చొక్కా పట్టుకునింది నలుగుర్లో. ఆ నలుగుర్లో చెప్పండి."

చెప్పాను. ఊరి పెద్దలు కూర్చునే రచ్చ దగ్గర, హెడ్మాస్టరును వెంటబెట్టుకుని, తిరుపాలూ రమాదేవి వాళ్ళాయనా కూడా వస్తే, నిలబడి చెప్పాను. పెద్దల్లో ఒకాయన "పోన్లేమ్మా, ఇంత చిన్నదానికి" అన్నాడు. "చిన్నదేం కాదు, ఆయన రెండు నెలలు కొండ చుట్టూ తిరిగినాడు" అన్నాను. రమాదేవి వాళ్ళాయన పోయి తిరుపాలు చెయ్యి పట్టుకున్నాడు. ఆయన పట్టుకోనిచ్చాడు, అంతే. ఆ మర్నాటి నుంచి మంద మళ్ళీ రోడ్డు పక్క చేలల్లోకి వచ్చింది. నన్ను చూస్తే ఇప్పటికీ పలకరిస్తాడు. కానీ ముందున్న నవ్వు లేదు.

ఆ రాత్రి మనసు తేలికై హాయిగా నిద్రపోయానని రాస్తే చదవడానికి బాగుంటుంది. నిద్ర పట్టలేదు. కుర్చీలో కూర్చున్నాను, లేచాను, మళ్ళీ కూర్చున్నాను. నిజం చెప్పడం నిద్రకు మందు కాదు. అది వేరే సంగతి, చెప్పాలి కాబట్టి చెప్పడం.

ఫిబ్రవరి నుంచి

నిద్ర వచ్చింది కానీ గొప్పగా ఏమీ రాలేదు. ఒకరోజు, రాత్రి ఎన్నిసార్లు లేచానో రాసుకోమని డాక్టరమ్మ ఇచ్చిన ఇంకో కాగితం మీద రాయబోతే, రాత్రి లేచి కుర్చీలోకి పోయినట్టు గుర్తు రాలేదు. పోలేదు కాబట్టి. వారానికి ఒక రాత్రి అట్లా, తర్వాత రెండు, మూడు. డాక్టరమ్మ పదకొండున్నరను పదకొండు చేసింది, తర్వాత పదిమ్ముప్పావు. ఇప్పుడు మంచి రోజుల్లో ఐదున్నర గంటలు పడుతోంది. పూర్వం ఏడు గంటలు పోయేదాన్ని. ఆ ఏడు మళ్ళీ వస్తాయో రావో డాక్టరమ్మ కూడా చెప్పలేదు. ఇంత కష్టపడి ఐదున్నరేనా అని ఇప్పటికీ కోపమొస్తుంది. పక్కన దుప్పటి ముసుగేసి మా ఆయన అర నిమిషంలో నిద్రపోతుంటే ఇంకా కోపమొస్తుంది.

నూనె, పాలు, జాజికాయ పనికిరావని నేననను. ఎవరికి పనికొస్తాయో వాళ్ళకొస్తాయి. నాకు పనికొచ్చింది ఒకే వేళకు లేవడం, నిద్ర రానప్పుడు మంచం వదిలెయ్యడం, రుచీ పచీ లేని ఆ క్రమశిక్షణను తిట్టుకుంటూ చెయ్యడం. ఇంట్లో ఎవరికైనా నిద్ర లేకపోతే దయచేసి "ఏం ఆలోచించకు" అనొద్దు. ఎవరి మాత్రో మింగనివ్వొద్దు. చేతనైతే ఎదురుగా కాసేపు కూర్చోండి.

హారిక ఫిబ్రవరి చివర్లో తన పుస్తకాలు మళ్ళీ హాల్లోకి తెచ్చుకుంది. గ్లాసులో స్పూను మాత్రం చాలా మెల్లగా తిప్పుతోంది. "గట్టిగా తిప్పుకోలే" అన్నాను.

మార్చిలో ఒంటిపూట బడులు మొదలయ్యాక డాక్టరమ్మ బండి తోలమంది. రమాదేవి అప్పటికి రెండు నెలలుగా వేరేగా ఆటోలో పోతోంది. బళ్ళో పనిమాటలే తప్ప మాట్లాడేది కాదు. ఒకరోజు పొద్దున నేను బండి తీస్తుంటే వీధి చివర నిలబడి ఉంది. పక్కన ఆపాను. ఎక్కలేదు.

"నిన్న ఎన్ని గంటలు పండుకున్నావు?"

"ఐదు."

"నిజమేనా?"

"నిజమే."

ఎక్కింది. నా భుజం మీద చెయ్యి వెయ్యకుండా, వెనక కడ్డీ పట్టుకుని కూర్చుంది. ఆ రోజు నుంచి ప్రతి పొద్దునా అదే ప్రశ్న. కొన్నాళ్ళకు చెయ్యి కడ్డీ మీద నుంచి నా భుజం మీదికి వచ్చింది. ప్రశ్న మాత్రం మానలేదు.

పోయిన వారం ఒక రాత్రి మళ్ళీ పాతరోజుల్లాగే గడిచింది. కారణమేమీ లేదు. పొద్దున తయారై బండి తాళం తీసుకుని వీధి చివరికి నడిపించుకుంటూ పోయాను.

"ఎన్ని?" అంది రమాదేవి.

ఐదు అని చెప్పొచ్చు. తల దిమ్ముగా ఏమీ లేదు, అరగంట దారి.

"రెండు" అన్నాను.

ఆమె నా చేతిలోంచి తాళం తీసుకుని తన సంచిలో వేసుకుంది. నేను బండిని వాళ్ళ గోడ పక్కన నిలబెట్టాను. అటుగా వస్తున్న రాచర్ల ఆటోకు చెయ్యెత్తింది. ఇద్దరం ఎక్కి కూర్చున్నాం.